కూటమిప్రదర్శనములు - స్వేచ్ఛానుమతి సామగ్రి

నలుగురైదుగురు విద్యార్థులు జట్టుగాఁ గూడి యొక విషయమును బరిశీలించి, దానికిఁ దగిన వ్రాఁతను, బొమ్మలను, దేశపటములను సమకూర్చి, తరగతిలోఁ దెఱపైఁ జూపుచు వివరించుట నేఁడు పాఠశాలలలో వాడుకయైనది. ఆంధ్రప్రదేశమునందలి ప్రభుత్వోన్నతపాఠశాలలలో 2023 మొదలుకొని పెద్ద స్పర్శతెఱలు అమర్పఁబడుచుండుటచే అమలాపురము, రాజోలు, కొత్తపేట మొదలగు కోనసీమప్రాంతములందును ఈ పద్ధతికి వసతి యేర్పడినది. అయినను ఇట్టి ప్రదర్శనముల కడపటి తెఱపై "చిత్రములు: అంతర్జాలమునుండి" యని యొక పంక్తి వ్రాసి విద్యార్థులు ఋణము తీఱినదనుకొనుట సామాన్యముగాఁ గనఁబడును. ఒక పండితుఁడు తన వ్యాసములో నొక పద్యము నుదాహరించి, దాని క్రింద "ఇది పుస్తకములోనిది" యని యాధారము వ్రాసినచో నెంత ప్రయోజనమో, దీనివలనను అంతియే ప్రయోజనము. చిత్రించినవాని పేరు పోయినది. చదువరి వెనుకకుఁ బోయి సరిచూచుకొను త్రోవయుఁ దెగినది.

ఈ విషయము స్పష్టమగుటకుఁ గోనసీమ విద్యార్థులకు మిక్కిలి చేరువైన యుదాహరణ మొకటి చాలును. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునఁ గాపురముండి, వైనతేయతీరమున వచ్చిపోవు బాటసారులకు వేళ యనక యన్నము పెట్టి, 1909లో గతించిరి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకసందర్భమున ఆంగ్లప్రభుత్వమువా రామె ఛాయాచిత్రమును తీయించి తెప్పించుకొనిరని ప్రసిద్ధి. పి.గన్నవరమువద్ద వైనతేయముపై కాలువను దాటించుటకుఁ గాటనుదొర కాలమునఁ గట్టిన యక్విడక్టు ప్రక్కన వెలసిన క్రొత్త యక్విడక్టుకు ఆమె పేరే పెట్టిరి. 2024లో రాష్ట్రప్రభుత్వము బడులలోని మధ్యాహ్నభోజనమునకును ఆమె పేరే యుంచినది. ప్రతిదినము ఆమె పేరిటి యన్నము తినుచున్న పిల్లలు ఆమెనుగూర్చి ప్రదర్శనము చేయఁదలఁచుట సహజము. ఐదుగు రొక జట్టైరని యనుకొనవచ్చును. వారికి ఆమె చిత్రము కావలెను. గన్నవరము పటము కావలెను. అక్విడక్టు బొమ్మ కావలెను. ఆమె చరిత్ర కావలెను. ఇవి యెచ్చటనుండి తేవలెను, ఎట్లు తేవలెను అనునదే ప్రశ్న.

ఇచ్చటఁ జట్టము చెప్పుమాట మొదట తెలియవలెను. 1957వ సంవత్సరపు భారత గ్రంథస్వామ్యచట్టములోని 52వ సెక్షను, బోధనాక్రమమునందు గురువుగాని విద్యార్థిగాని యొక రచనకుఁ బ్రతి తీసికొనుట స్వామ్యభంగము కాదని చెప్పుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు జిరాక్సుప్రతుల వ్యాజ్యమున 2016లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ఈ "బోధనాక్రమము" అను మాటను విశాలార్థముననే గ్రహించినది. కావున తరగతిగది నాలుగుగోడల నడుమఁ జూపినంతవఱకు, స్వామ్యముగల చిత్రమును జూపినను విద్యార్థికి భయము లేదు. పిల్లలను ఊరక బెదరించు ఉపాధ్యాయు లీసంగతి గుర్తింపవలెను.

మఱి స్వేచ్ఛానుమతి యేల? ప్రదర్శనము బాగుండిన నది గదిలో నిలువదు. జిల్లాపోటీకిఁ బోవును, పాఠశాల సంచికలో నచ్చుపడును, ఎవరో దానిని యూట్యూబులోఁ బెట్టుదురు, రాజోలు ఉపాధ్యాయుఁడు తన పిల్లలకుఁ జూపుటకు దాని నడుగును, అందులోఁ దప్పున్న దిద్దఁగోరును. తరగతికిఁ జట్టమిచ్చిన మినహాయింపు ఈ ప్రయాణమంతటికిని దోడు రాదు. ఊరు దాటిపోవఁగల రచనకు మొదటినుండియు స్వేచ్ఛగల సామగ్రియే కావలెను.

స్వేచ్ఛ యనఁగా నుచితమని పలువురి తలంపు. అది పొరపాటు. సత్రములో భోజన ముచితమే. అంతమాత్రమున గిన్నెలు పట్టుకొనిపోవుట కనుమతి లేదు. జాతీయవిద్యాపరిశోధనశిక్షణమండలివారి పాఠ్యపుస్తకము లంతర్జాలమున నుచితముగా లభించును గాని స్వామ్యము వారిదే. స్వేచ్ఛానుమతి యనఁగా, కర్త తన స్వామ్యమును నిలుపుకొనియే, ఇతరులు ప్రతి తీయుటకును, పంచుటకును, చాలచోట్ల మార్చుటకును ముందుగానే వ్రాఁతపూర్వకముగా నిచ్చిన సెలవు. 2001లో నేర్పడిన క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002 డిసెంబరులో నిట్టి యనుమతిపత్రములను మొదట వెలువరించినది. నేఁడు వాడుకలోనున్నవి యాఱు. ఆఱింటికిని సమానమైన షరతు కర్త పేరు చెప్పుట. కొన్నిటిలో, మార్చి చేసినదానిని మరల నదే యనుమతితో నీయవలెనను షరతు చేరును. కొన్నిటిలో వాణిజ్యమునకు వాడరాదని, కొన్నిటిలో మార్చిన రూపమును బంచరాదని యుండును. ఈ కడపటి షరతు తెలుగుపిల్లలకు ముఖ్యము. ఆంగ్లవ్యాసమును దెనిఁగించుటయు మార్చుటయే గనుక నట్టి వ్యాసపు తెనుఁగుసేతను వెలుపల ప్రకటింపఁగూడదు.

పేరు చెప్పుట యను షరతు పండితులకుఁ గ్రొత్తది కాదు. మన కావ్యములలోని యాశ్వాసాంతగద్యము చేయు పని యిదియే: కవి యెవరు, ఎవరి కుమారుఁడు, కావ్య మేది, ఆశ్వాస మెన్నవది యను నన్నియు నందే యుండును. తాటాకుప్రతులను వ్రాసిన లేఖకులును గడపట సంవత్సరమును, మాసమును, తిథిని, తమ పేరును గుర్తించిరి. ఆ గద్యములును ఆ పంక్తులును లేకున్నచో వాఙ్మయచరిత్రకారుల పని యెంత దుష్కర మయ్యెడిదో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. 2013లో వెలువడిన నాలుగవకూర్పు క్రియేటివ్ కామన్స్ అనుమతి కోరునదియు నించుమించుగా నంతియే: కర్త పేరు, మూలము దొరకుచోటు, అనుమతి పేరు, తాము చేసిన మార్పు. చిత్రము నంచులు కత్తిరించిన, రంగు మార్చిన, ఆ మాటయుఁ జెప్పవలెను.

ఇఁక సీతమ్మగారి చిత్రము సంగతి. ఆమె జీవించియుండఁగా, అనఁగా 1909కిఁ బూర్వము తీసిన ఛాయాచిత్రమునకు స్వామ్యకాలము గడచి యెన్నియో యేండ్లైనది. అది యెవరైనను వాడుకొనవచ్చును. కాని యంతర్జాలమున ఆమె పేరుతో వెదకినప్పుడు వచ్చునవి యన్నియు నా పాతచిత్రములు కావు. దానినిఁ జూచి యిటీవలివారు వేసిన రంగులబొమ్మ లుండును. పత్రికలవారు కూర్చినవి యుండును. వానిలోఁ గళాకారుని సొంతరచన యున్నంతమేర స్వామ్యము నేఁటి చిత్రకారునిదే. మూలము పాతదైనంతమాత్రమున దానిపైఁ బుట్టిన రచన పాతదికాదు. ఋషిప్రోక్తమైన పురాణమును నేఁటికవి తెనిఁగించిన నా తెనుఁగు ఋషిది కానట్లే. జట్టులోని విద్యార్థి యీభేదమును గుర్తించుటకుఁ గొంత యోపిక పట్టవలెను. వికీమీడియా కామన్స్ వంటి భాండాగారములోఁ బ్రతిచిత్రమునకు నొక వివరపుట యుండును. దానిఁ దప్పక చదువవలెను. అచ్చట నెక్కించినవాఁడు వేఱు, కర్త వేఱు కావచ్చును. పరులబొమ్మను దనదని యెక్కించినవారును లేకపోలేదు.

పటమునకు 2004లో నారంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాపు కలదు. దానిని గీచినవారు స్వచ్ఛందసేవకులు. వారి సమష్టినామమును బటముప్రక్కఁ జూపినఁ జాలును. వ్రాఁతకు 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాయు, పాతగ్రంథములకు వికీసోర్సును గలవు. అక్షరరూపములకును గొఱఁత లేదు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అను పేళ్లతోనే తెలుగులిపిరూపములు స్వేచ్ఛానుమతితో లభించుచున్నవి. ప్రబంధకవులకు నిట్టి గౌరవముకూడఁ గలుగునని యెవ రూహించియుందురు!

ఒకటి మాత్రము మఱవరాదు. అనుమతిపత్రము సత్యమునకు జామీను కాదు. స్వేచ్ఛగా లభించు వ్యాసములోఁ దప్పుతేదీ యుండవచ్చును. స్వామ్యముగల గ్రంథములో నిజముండవచ్చును. సీతమ్మగారినిగూర్చి చెప్పుకొను కథలలో వ్రాఁతకెక్కిన చరిత్రమెంత, భక్తితో బెరిఁగినదెంత యని విడఁదీయుట యనుమతినిఁ జూచి చేయు పని గాదు. ఉపాధ్యాయుఁ డిచ్చటనే యెక్కువ కాలము వెచ్చింపవలెను. ఏ మాటకు నే యాధారమో చూపలేనప్పుడు "ప్రసిద్ధి" యని వ్రాయుట గౌరవమే గాని లోపము కాదు.

జట్టుపని నిట్లు పంచుకొనుట యుచితము. సాధారణముగాఁ దెఱలను లెక్కించి యొక్కొక్కరికి రెండేసి పంచుదురు. దానివలన నైదు వేర్వేఱు బట్టలు కుట్టిన బొంతవలె నుండును. అంతకంటె నొకఁడు వ్రాఁతను, ఒకఁడు చిత్రములను, ఒకఁడు పటమును వెదకి, నాల్గవవాఁడు వారు తెచ్చినవాని యనుమతులను సరిచూచి, ఐదవవాఁడు భాషను దిద్దుట మేలు. పిమ్మట నందఱు నంతయుఁ జదువవలెను. ఎఱ్ఱన యరణ్యపర్వశేషమును బూరించునప్పుడు తనకు ముందున్న నన్నయభట్టు రచనను గ్రహించి, దానిని రాజరాజనరేంద్రునికే యంకితమొనర్చెను. అతుకు తెలియకుండుట కది యొక కారణము. మునుపటివాని పనిని జదువనివాఁడు జట్టులో నున్నను లేనట్లే.

చిట్టా యొకటి మొదటిదినముననే తెఱవవలెను. ఏ చిత్రము, ఎవరిది, ఎచ్చట దొరకినది, ఏ యనుమతి, ఎవరు ఏ తేదీన దెచ్చిరి యని తెచ్చిన క్షణముననే వ్రాసికొనవలెను. ప్రదర్శనమునకు ముందురాత్రి కూర్చుండి యీ వివరములను వెదకఁబూనిన జట్టునకు సగముచిత్రముల జాడయే దొరకదు. "అంతర్జాలమునుండి" యను పంక్తి పుట్టుట యా రాత్రియే.

ఈ యలవాటు లేకుండఁ బెద్దపనికిఁ బూనిన నేమగునో 2011లోఁ బుణెనగరమునఁ దెలిసినది. ఆ నగరపు కళాశాలల విద్యార్థులచేఁ బాఠ్యభాగముగా నాంగ్ల వికీపీడియాలో వ్యాసములు వ్రాయించు ప్రయత్నము జరిగినది. విద్యార్థులు పెక్కురు పాఠ్యపుస్తకములనుండియు నితరస్థలములనుండియు నున్నదున్నట్లుగా నెక్కించిరి. వానిని వెదకి తొలఁగించుట స్వచ్ఛందసేవకులకు మోయరాని భారమై, ఆ యేఁటిలోనే కార్యక్రమము నిలిపివేయఁబడెను. విద్యార్థుల దుర్బుద్ధి దీనికిఁ గారణమనుట న్యాయము కాదు. చూచి వ్రాయుటయే చదువని బడిలో నేర్చినవారికి, వ్రాసినది పరులదా తనదా యను ప్రశ్న యెన్నఁడును వేయఁబడలేదు.

జట్టు చేసిన రచనపై స్వామ్య మెవరిది? వేర్వేఱుగా విడఁదీయరాకుండఁ గూడి చేసినచో నందఱిదియు. కావున దానిని స్వేచ్ఛానుమతితో వెలువరింప నెంచినప్పు డైదుగురును సమ్మతింపవలెను. చిన్నవారు గనుకఁ దలిదండ్రుల సమ్మతియు వ్రాసియుంచుకొనుట మంచిది. కూటమిరచనకుఁ జట్టమున వేఱొక విశేషము గలదు. గ్రంథస్వామ్యము కర్త మరణించిన మఱుసటి యేఁటి మొదలు అఱువదియేండ్లు నడచును. కూటమిరచనయైనఁ గడపట మరణించిన కర్తనుబట్టి లెక్కింతురు. తిరుపతివేంకటకవులలోఁ దిరుపతిశాస్త్రిగారు 1920లోఁ గీర్తిశేషులైరి. వారినిబట్టి లెక్కించిన 1980తోఁ దీఱవలసినది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950లో మరణించుటచే నా జంట కూడి చేసిన కృతులు 2010 కడపటివఱకు స్వామ్యమునందే యుండి, 2011 జనవరి 1న నందఱివి యైనవి. ఇట్లే 1961లో గతించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు 2022 మొదలు స్వేచ్ఛనందినవి. కోనసీమలోని మామిడికుదురువారైన బోయి భీమన్నగారు 2005లో మరణించిరి గనుక వారి కవిత్వము 2065 కడపటివఱకు స్వామ్యముననే యుండును. విమర్శకై కొన్నిపంక్తు లుదాహరింపవచ్చును గాని, కావ్యమంతయు నెక్కింపరాదు.

తుదకుఁ జిక్కు వచ్చునది లోపించిన సామగ్రివలన. కోనసీమవస్తువులకు స్వేచ్ఛాభాండాగారములలోఁ గావలసినన్ని బొమ్మలు లేవు. జగ్గన్నతోటలోఁ గనుమనాఁడు చేరు ప్రభలు, కొబ్బరిపీచుతో తాడు పేనుచేతులు, పంటికాలువల తూములు, వీనిని వెదకిన జట్టునకుఁ దగినవి దొరకనప్పుడు వారే తీయవలసియుండును. చేతనున్న ఫోనే చాలును. చట్ట మిందును గొంత యనుకూలము: కట్టడములను, బహిరంగస్థలమున స్థిరముగా నిలిపిన విగ్రహములను ఛాయాచిత్రము తీసి ప్రకటించుట కెవరి యనుమతియు నక్కఱలేదు. కావున సీతమ్మగారి విగ్రహము వీథిలో నున్నచో దాని చిత్రమును విద్యార్థి నిస్సందేహముగాఁ దీసి, తన పేరుతో భాండాగారమున నెక్కింపవచ్చును. అదే వీథిలో గోడపై వేసిన యామె రంగులబొమ్మ కీ వెసులుబాటు వర్తింపదు. దానిని వెలువరింపవలెనన్నఁ జిత్రకారుని యడిగి, ఆ సమ్మతిని జిట్టాలో వ్రాసికొనవలెను.