గాలి లేకున్నా ఎగసిపడే అలలు.. లక్షద్వీప్‌కు ‘దొంగ సముద్రం’ బెడద
ఆకాశం నిర్మలంగా ఉంటుంది. గాలీ పెద్దగా ఉండదు. అయినా లక్షద్వీప్ తీరంలో సముద్రం ఒక్కసారిగా ముందుకు దూసుకొస్తుంది. మలయాళంలో దీన్ని ‘కల్లక్కడల్’ అంటారు. అంటే దొంగ సముద్రం. చెప్పాపెట్టకుండా వస్తుంది కాబట్టే ఆ పేరు!

అసలు కారణం వేల కిలోమీటర్ల దూరంలో ఉంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో బలమైన గాలులకు పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి ఈ దీవులను తాకుతాయి. రుతుపవనాలకు ముందు, ఏప్రిల్, మే నెలల్లో ఈ బెడద ఎక్కువ. వాటికి అమావాస్య, పౌర్ణమి పోటు తోడైతే ఇక అంతే. లోతట్టు ప్రాంతాల్లోకి నీళ్లు వచ్చేస్తాయి. అసలే కొద్ది మీటర్ల ఎత్తులో ఉండే పగడపు దీవులు మరి. 2024 మార్చి 31న కేరళ తీరాన్ని ముంచెత్తినవీ ఈ అలలే.

వీటిపై ముందే హెచ్చరించేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. హెచ్చరిక ఉన్న రోజు బీచ్‌లో స్నానాలకు దిగొద్దు. పడవలను ఒకదానికొకటి తగలకుండా దూరం దూరంగా కట్టుకోవాలి.