దూరపు రాకపోకలకు కరెంటు కారు: ఎంచుకొనే విధము

దొడ్డబళ్ళాపురంలో మగ్గము, బెంగుళూరు చిక్కపేటలో బేరము. మనవారిలో అనేక కుటుంబాల జీవనము ఇట్లు సాగుచున్నది. పోను సుమారు 40 కిలోమీటర్లు, రాను 40. నెలకు 25 రోజులు తిరిగినచో 2,000 కి.మీ. అగును. పెట్రోలు ఖర్చు భరించలేక కరెంటు కారు కొనదలచువారు మనలో పెరుగుచున్నారు. కారు సొమ్ము పలు కుటుంబాలకు ఏడాది నూలు పెట్టుబడితో సమానము గనుక, తొందరపడక లెక్క చూచుకొనుట మేలు.

కరెంటు కారు బెంగుళూరుకు కొత్త కాదు. 2001లోనే ఈ నగరంలో తయారయిన ‘రేవా’ అనే చిన్న కారు అమ్మకానికి వచ్చినది. సీసపు బ్యాటరీలతో నడిచిన ఆ కారు ఊరిలో తిరుగుటకే గాని దూర ప్రయాణానికి చాలినది కాదు. నేటి లిథియం బ్యాటరీలు ఆ కొరతను చాలవరకు తీర్చినవి.

మొదట చూడవలసినది దూరము. చీటీ మీద వ్రాసిన నంబరు నమ్మి మనము నూలు కొనము. చిలపను తూచి చూస్తాము. కారు విషయంలోనూ అంతే. కంపెనీ చెప్పే దూరము పరీక్షశాలలోని లెక్క. రోడ్డు మీద అందులో మూడింట రెండు వంతులే వచ్చునని అనుకొనవలెను. అందులో ఐదవ వంతు అవసరానికి మిగుల్చుకొనవలెను. 2022లో వచ్చిన టియాగో చిన్న బ్యాటరీ కారుకు 250 కి.మీ. అని ప్రకటించిరి. మన లెక్కకు అది 167. ఐదవ వంతు తీసివేయగా సుమారు 133. ఏండ్లు గడిచి బ్యాటరీ శక్తి ఐదవ వంతు తగ్గినను 106 మిగులును. రోజుకు 80 కి.మీ. వారికి ఇది చాలును. 2023లో 230 కి.మీ. అని ప్రకటించిన కామెట్ కారుకు ఇదే లెక్క వేసినచో 98 వచ్చును. అదియు చాలును గాని, దాని వెనుక సామాను పెట్టుటకు దాదాపు చోటు లేదు. చీరల మూటలతో వెళ్ళువారు దీనిని గమనింపవలెను. హిందూపురము నుండి రోజూ వచ్చి పోవువారికి ఈ చిన్న కార్లు రెండును తగవు.

రెండవది ఖర్చు. లీటరుకు 16 కి.మీ. నడిచే పెట్రోలు కారుకు నెలకు 125 లీటర్లు కావలెను. లీటరు 100 రూపాయలనుకొన్నచో 12,500. కరెంటు కారు యూనిట్‌కు 7 కి.మీ. నడిచినచో 286 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల చొప్పున సుమారు 2,300. నెలకు 10,200 మిగులును. పెట్రోలు కారుకన్న 3 లక్షలు ఎక్కువ పెట్టి కొన్నను, ఆ తేడా రెండున్నర ఏండ్లలో తీరును. అప్పు తెచ్చినచో వడ్డీ కూడా కలుపుకొనవలెను. రోజుకు 20 కి.మీ. మాత్రమే తిరుగువారికి అదే తేడా తీరుటకు పదేండ్లు పట్టును. వారికి తొందర అవసరము లేదు.

బ్యాటరీని అద్దెకిచ్చి కారు తక్కువ ధరకు అమ్మే పద్ధతి 2024లో వచ్చినది. కామెట్‌కు అప్పుడు చెప్పిన అద్దె కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. మన 2,000 కి.మీ.కు అది నెలకు 5,000. మిగులులో సగము అద్దెకే పోవునని మరువరాదు.

మూడవది హామీ. బ్యాటరీకి ‘8 ఏండ్లు లేక 1,60,000 కి.మీ.’ అని వ్రాసినచో, ఏది ముందు వచ్చిన దానితో హామీ ముగియును. ఏడాదికి 24,000 కి.మీ. తిరుగు మనకు అది ఆరేండ్ల ఎనిమిది నెలలకే తీరును. 1,20,000 అని వ్రాసినచో ఐదేండ్లకే. పాత కారు కొనువారు ఈ కాగితమును ముందుగా చదువవలెను.

కడపటిది చార్జింగు. ఇంట్లో ఎర్తింగు సరిగా ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు చాలును. 80 కి.మీ. కరెంటు సుమారు నాలుగు గంటలలో ఎక్కును. రాత్రి పెట్టి ఉదయము తీసికొనవచ్చును. అద్దె ఇంటివారు ఇంటి యజమాని అనుమతి పొందిన తరువాతనే బయానా ఇవ్వవలెను. ఒక హెచ్చరిక. మగ్గాలకు రాయితీపై వచ్చే మీటరు నుండి కారుకు కరెంటు తీయరాదు. అనుమతించిన పనికి గాక వేరొక పనికి వాడినచో 2003 విద్యుత్ చట్టము ప్రకారము రెట్టింపు ధర కట్టవలసి వచ్చును. రాయితీకే ముప్పు రావచ్చును. ఇంటి మీటరునే వాడుడు.

కొనుటకు ముందు ఆ కారును ఒకరోజు ఇంటి నుండి చిక్కపేటకు, తిరిగి ఇంటికి, మూటలతోనే నడిపి చూడుడు. ఎంత చార్జి తగ్గినదో వ్రాసికొనుడు. ఆ కాగితము కంపెనీ ప్రకటనకన్న విలువైనది. మగ్గము ఆగకుండ నడిపే సొమ్మును మాత్రము కారులో పెట్టవద్దని మా మనవి.