చేపల తొట్టిలో కరెంటు

"ఏరా, తొట్టిలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది. ఓసారి చూడు."

పోయిన కార్తీకమాసంలో సెలవులకి అమలాపురం వెళ్లినప్పుడు మా అమ్మ అన్న మాట ఇది. మా ముందు గదిలో రెండడుగుల చేపల తొట్టి ఉంది. అందులో ఆరు గోల్డ్ ఫిష్‌లు, నీళ్లలో మునిగి తిరిగే ఒక ఫిల్టరు, బయట ఒక గాలి పంపు, పైన లైటు. గాజుకి పట్టిన పాచి తుడుస్తుంటే అమ్మ చేతికి తిమ్మిరిలా తగిలిందట. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి.

నేను చదివేది ఈఈఈ. ఇంట్లో ఇలాంటి మాట వస్తే ఇంకేం కావాలి! మల్టీమీటరు తీసి ఒక ప్రోబు నీళ్లలో, రెండోది గోడ సాకెట్‌లో ఎర్తు కన్నంలో పెట్టాను. 69 వోల్టులు చూపించింది. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ లెక్క తప్పు కాదు.

నీళ్లలో మునిగే ఫిల్టరులో తీగచుట్టని ఎపాక్సీలో పోసి మూసేస్తారు. నీళ్లలో తిరిగేది అయస్కాంతం ఒక్కటే. కరెంటున్న తీగకీ నీళ్లకీ మధ్య ఇన్సులేషన్ ఉంటుంది. రెండు వాహకాల మధ్య ఇన్సులేషన్ ఉంటే అది కెపాసిటరే కదా. అది 100 పికోఫారడ్లు ఉందనుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపిడెన్స్ సుమారు 32 మెగాఓమ్స్. మన డిజిటల్ మీటరు లోపల 10 మెగాఓమ్స్ ఉంటుంది. 230 వోల్టులు ఈ రెండింటి మధ్య పంచుకుంటే మీటరుకి దాదాపు 69 వోల్టులు వస్తాయి. చూడ్డానికి పెద్ద అంకె. కానీ దాని వెనకున్న కరెంటు 7 మైక్రోఆంపియర్లు మాత్రమే. మనిషికి కరెంటు తగిలినట్టు తెలియాలంటే సుమారు అర మిల్లీఆంపియర్, అంటే 500 మైక్రోఆంపియర్లు కావాలి. దీన్నే ఘోస్టు వోల్టేజి అంటారు. ఏ లోపమూ లేని తొట్టిలో కూడా ఇది కనిపిస్తుంది.

అసలైన లీకేజీ ఏది, ఘోస్టు ఏది అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మీటరుకి అడ్డంగా 10 కిలోఓమ్స్ రెసిస్టరు పెట్టాలి. ఘోస్టు అయితే అంకె వెంటనే సున్నాకి పడిపోతుంది. లీకేజీ అయితే అంకె నిలబడుతుంది. ప్రాజెక్టు కోసం కొన్న 10 వాట్ల రెసిస్టరు నా బ్యాగులోనే ఉంది. పెట్టాను. 69 కాస్తా సున్నా అయిపోయింది. ధైర్యంగా చెయ్యి కూడా పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు.

"ఏం లేదమ్మా, అది ఘోస్టు వోల్టేజి. నీకు చలికి తిమ్మిరెక్కి ఉంటుంది" అన్నాను.

అమ్మ ఊరుకోలేదు. మర్నాడు మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయిని పిలిపించింది. నేను ఆయనకి మొత్తం లెక్క చెప్పాను. ఆయన ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "బాగానే ఉంది గానీ అబ్బాయ్, ఆ కన్నంలో ఎర్తు ఉందని ఎవరు చెప్పారు?"

నా దగ్గర సమాధానం లేదు.

మీటరు బోర్డు దగ్గర నుంచి ఎర్తు తీగ పెరట్లోకి వెళ్తుంది. అక్కడ గుంట దగ్గర చూస్తే ఇనుప తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. మా కోనసీమ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఎర్తింగుకి అలాంటి నేల మంచిదే. కానీ అదే తడి, సముద్రం వైపు ఊళ్లల్లో దానికి తోడైన ఉప్పు, తీగనీ క్లాంపునీ తినేస్తాయి. ఎప్పుడు తెగిందో మాకెవరికీ తెలీదు. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఎర్తు పోయిందని చెప్పేది ఏదీ లేదు.

ఇప్పుడు నా పరీక్షని మళ్లీ చూడండి. నేను రెండో ప్రోబు పెట్టిన ఎర్తు కన్నం భూమికి తగలడమే లేదు. దారే లేనప్పుడు రెసిస్టరులో కరెంటు ఎలా పారుతుంది? నీళ్లలో నేరుగా ఫేజు తీగ పడి ఉన్నా నా మీటరు సున్నాయే చూపించేది. నేను చెయ్యి పెట్టినప్పుడు కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి. అమ్మ అప్పుడే తుడిచిన తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడింది. భూమికి దారి ఉన్నది ఆవిడ ఒక్కదానికే.

బాబాయి పెరట్లో బోరు ఇనుప గొట్టం దాకా పొడుగు వైరు లాగించారు. రెండో ప్రోబు ఆ వైరుకి పెట్టి, రెసిస్టరు ఉంచే కొలిచాం. 42 వోల్టులు. అంకె కదల్లేదు. 42 వోల్టుల్ని 10 కిలోఓమ్స్‌తో భాగిస్తే 4.2 మిల్లీఆంపియర్లు. ఒక్కో ప్లగ్గు తీస్తూ వచ్చాం. లైటు తీసినా, గాలి పంపు తీసినా మార్పు లేదు. ఫిల్టరు తియ్యగానే సున్నా. దాన్ని బయటికి తీసి తుడిచి చూస్తే ఎపాక్సీ మీద వెంట్రుకంత చీలిక. నీళ్లు తగ్గినప్పుడు ఖాళీగా తిరిగి, వేడెక్కి పగిలి ఉంటుంది.

మరి చేపలకేం కాలేదేం? కరెంటు తీగ మీద వాలిన పిట్టకి ఏమీ కానట్టే. తొట్టి గాజుది, కింద చెక్క బల్ల. నీళ్లన్నీ ఒకే వోల్టేజిలో ఉన్నాయి, చేపలూ అందులోనే ఉన్నాయి. కరెంటు పారడానికి రెండో దారి లేదు. మనం చెయ్యి పెట్టినప్పుడే ఆ దారి తయారవుతుంది. కాబట్టి 'చేపలు బాగానే ఉన్నాయి కదా' అన్నది ఏ భరోసా కాదు.

4.2 మిల్లీఆంపియర్లకి ప్రాణం పోదు. కానీ చీలిక రోజురోజుకీ పెరుగుతుంది. సుమారు 10 దాటితే పట్టు వదిలించుకోవడం కష్టమవుతుంది. 30 దాటి కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇంట్లో ఉన్న ఎంసీబీ దీన్ని ఆపదు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే 6000 మిల్లీఆంపియర్లు. అది ఉన్నది వైర్లు కాలిపోకుండా చూడడానికి. మనుషుల కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. అది ఫేజులో వెళ్లిన కరెంటునీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటునీ పోలుస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకన్ల లోపే సప్లై తెంచేస్తుంది. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ మనిషి ఎంత కరెంటు తట్టుకోగలడో ఏళ్ల తరబడి పరిశోధించి, 1960ల్లో ఇలాంటి పరికరాన్ని రూపొందించారు.

కొందరు తొట్టిలో ఎర్తు ప్రోబు వేస్తారు. ఆర్‌సీసీబీ ఉంటే అది మంచిదే. లీకేజీ పెరగ్గానే ప్రోబు ద్వారా భూమికి పోతుంది, చెయ్యి పెట్టే దాకా ఆగకుండా సప్లై తెగుతుంది. ఆర్‌సీసీబీ లేకుండా ప్రోబు ఒక్కటే వేస్తే మాత్రం, లీకైన కరెంటు చేపల మధ్య నుంచి ఆగకుండా పారుతూ ఉంటుంది. రాగి తీగ అసలు వెయ్యకూడదు, రాగి చేపలకి విషం. టైటానియం గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడాలి.

మేం చేసింది ఇదీ: కొత్త ఎర్తు గుంట, బొగ్గూ ఉప్పూ పోసి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. కొత్త ఫిల్టరు. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా సర్దాం, వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ పీకెయ్యడం. ఎందుకంటే ఆ 4.2 మిల్లీఆంపియర్లకి ఆర్‌సీసీబీ కూడా కదలదు.

ఈ కథంతా రాజోలు వైపు రొయ్యల చెరువున్న మా మావయ్యకి చెప్పాను. ఆయన నవ్వలేదు. చెరువులో ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. ఆగితే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. తడికి ట్రిప్పర్ ఊరికే పడిపోతోందని కొందరు దాన్ని తీసేసి డైరెక్టు ఇచ్చేస్తారట. "పంట పోతే అప్పులోళ్లకి ఏం చెప్తాంరా" అన్నారు. ఆ బాధ నిజమే. కానీ ఉప్పునీళ్లు మంచినీళ్లకన్నా ఎన్నో రెట్లు బాగా కరెంటుని పారిస్తాయి. అందులో నడుము లోతు దిగే మనిషికి రబ్బరు చెప్పులుండవు. మేమిద్దరం మాట్లాడుకుని ఒక దారి అనుకున్నాం. అన్నిటికీ కలిపి ఒకే ట్రిప్పర్ కాకుండా ఒక్కో ఏరేటరుకి ఒకటి. అప్పుడు లోపమున్నది ఒక్కటే ఆగుతుంది, మిగతావి తిరుగుతూనే ఉంటాయి. ఒకటి పడిందంటే ఆ మోటారు ఏదో చెప్తోందని అర్థం, నోరు మూయించకూడదు. ఈ పంటకి రెండు పెట్టించారు.

ఈసారి మీరు ఇంటికి వెళ్లినప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు నిజంగా భూమి దాకా వెళ్తోందో లేదో చూపించుకోండి. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీదున్న టెస్టు బటన్ నొక్కి చూడండి. పడకపోతే మార్చెయ్యండి. ఇంట్లో ఎవరైనా 'జివ్వుమంది' అంటే మాత్రం ముందు ప్లగ్గు పీకండి, మీటరు తర్వాత తీద్దురుగాని.