ఎండలో కారు – లోపల కుక్క

మే నెల మధ్యాహ్నం. భిలాయి సివిక్ సెంటర్‌లో ఒక కారు వచ్చి ఆగింది. "పది నిమిషాల్లో వచ్చేస్తాంగా" అనుకుంటూ అద్దాలు రెండంగుళాలు దించి, పెంపుడు కుక్కను లోపలే ఉంచి ఇంటిల్లిపాదీ దుకాణంలోకి వెళ్ళారు. ఆ కాసేపట్లో కారులో ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

సూర్యకాంతి అద్దాల గుండా సులువుగా లోపలికి వస్తుంది. సీట్లు దాన్ని గ్రహించి వేడెక్కుతాయి. అవి తిరిగి వెదజల్లే పరారుణ కిరణాలను అద్దం చాలావరకు బయటికి పోనివ్వదు. వేడెక్కిన గాలికీ దారి దొరకదు. 2005లో అమెరికాలోని 'పీడియాట్రిక్స్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఇందులో 80 శాతం మొదటి అరగంటలోనే! అద్దాలు కొద్దిగా దించినా పెద్దగా ఫలితం కనబడలేదు. ఆ ప్రయోగాలు జరిగిన రోజుల్లో బయటి వేడి 36 డిగ్రీలు దాటలేదు. భిలాయిలో వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటడం మామూలే.

మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళలోనే. అందుకే అది నాలుక చాపి రొప్పుతుంది. నాలుక, ముక్కు, నోటి లోపలి తేమలో ఒక గ్రాము ఆవిరైతే దాదాపు 580 కేలరీల ఉష్ణం శరీరం నుంచి పోతుంది. కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలి అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు చల్లబడటానికి దానికి మిగిలే మార్గం ఈ బాష్పీభవనం ఒక్కటే. మూసిన కారులో దాని ఊపిరితోనే గాలి తేమతో నిండుతుంది. ఆ మార్గం కూడా మూసుకుపోతుంది! శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగిలి ప్రాణాపాయం ఏర్పడుతుంది. పగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు ముప్పు మరీ ఎక్కువ.

మరి దుకాణం బయట కట్టేస్తే? కాలే తారురోడ్డుపై అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. మీ అరచేతి వెనుకభాగాన్ని నేలకు ఆనించి చూడండి. అయిదు సెకన్లు ఓర్చుకోలేకపోతే కుక్కకూ అది తగని నేలే. కరుస్తుందన్న భయంతో నోరు బిగించే చిక్కం వేస్తే అది రొప్పలేదు.

కాబట్టి బజారుకు వెళ్ళేటప్పుడు కుక్కను ఇంట్లోనే, గాలి ఆడే నీడపట్టున, గిన్నె నిండా నీళ్ళు పెట్టి ఉంచండి. తీసుకువెళ్ళక తప్పకపోతే ఒకరు దానితో నీడలో ఉండాలి. ఎప్పుడైనా అది విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోసి విసరండి. తర్వాత ఆలస్యం చేయక పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎండలో ఆగి ఉన్న ఖాళీ కారులో, నేరుగా ఎండ తగలని చోట, ప్రయోగశాల థర్మామీటరు ఉంచండి (జ్వరం చూసేది పనికిరాదు). బయటి నుంచే అయిదు నిమిషాలకొకసారి అంకె రాసుకోండి. "పది నిమిషాలేగా" అనే మాటకు జవాబు ఆ కాగితం మీదే కనబడుతుంది.