గడియకు గడువు వేరు: హార్డ్‌వేర్ టైమర్లపై అపోహలు – వాస్తవాలు

చీమకుర్తి గనులయందు, గెలాక్సీ అని దేశదేశాల వర్తకులు పిలుచుకొను ఆ బంగారు చుక్కల నల్లరాతిని కొండనుండి వేరుచేయుటకు, వజ్రపు పూసలు గ్రుచ్చిన ఉక్కుతీగను రాతిలో తొలిచిన రంధ్రములగుండ చుట్టి మోటారు చక్రముపై త్రిప్పుదురు. తీగ రాతిని కోసికొనుచు పోయినకొలది యంత్రము పట్టాలపై మెల్లగా వెనుకకు జరిగి బిగువును కాపాడుకొనవలెను; మోటారు లాగుకొను కరెంటును కనిపెట్టి ఆ జరుగుటను నడపునది దాని పెట్టెలోని కంట్రోలరు. తీగ తెగినచో పూసలు ప్రాణాంతకమైన వేగముతో ఎగిరిపడును గనుక, అట్టి యంత్రము ఎంత సేపటిలో స్పందించునన్న ప్రశ్నకు ఊహతో జవాబు చెప్పరాదు, కొలిచి చెప్పవలెను. కొలుచుటకు చిప్పులోనే టైమర్లున్నవి, వాటిని పనిలో పెట్టు చిన్న ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. ఈ విద్యలో అడుగిడిన యువకులలోనే కాదు, ఏండ్ల తరబడి ఆరితేరినవారిలోను దీనినిగూర్చి కొన్ని అపోహలు వేళ్లూనికొని యున్నవి.

వాటిలో తల్లివేరు, రియల్‌టైమ్ అనగా వేగమే యనుకొనుట. 1988లో జాన్ స్టాన్‌కోవిక్ అను అమెరికా ఆచార్యుడు ఐఈఈఈ వారి ‘కంప్యూటర్’ పత్రికలో ఈ రంగమునందలి దురభిప్రాయములను ఏకరువు పెట్టుచు దీనిని స్పష్టముగా ఖండించెను. ఐనను నేటికిని ఇది చావలేదు. గడువులోపల పని తప్పక ముగియునన్న హామీయే ఇక్కడ ముఖ్యము. పది మిల్లీసెకన్ల గడువుగల పనిని ప్రతిసారియు తొమ్మిదింట ముగించు వ్యవస్థ, సాధారణముగా ఒకటింట ముగించి ఎప్పుడో ఒకమారు ఇరువదికి జారునట్టి దానికంటె మేలైనది. హైదరాబాదు సంస్థలైన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ రైల్వే పరిశోధన సంస్థతో కూడి రూపొందించిన ‘కవచ్’ రక్షణ వ్యవస్థను తలచుకొనుడు. 2022 మార్చి 4న దక్షిణమధ్య రైల్వేలో గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల నడుమ రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపి దానిని పరీక్షించినపుడు, ఒకటి రెండవదానికి 380 మీటర్ల దూరముననే తనంతట తాను నిలిచినది. గంటకు 160 కిలోమీటర్ల వేగముతో పోవు రైలు ఒక మిల్లీసెకనులో నాలుగు సెంటీమీటర్లకు కొంచెమెక్కువ సాగును. కావున ఒకటి రెండు మిల్లీసెకన్లు త్వరపడుటవలన ఒరుగునది స్వల్పము, ఎన్నడైనను ఆలస్యము రెండు సెకన్లకు పెరిగినచో మాత్రము దాదాపు తొంబది మీటర్లు చేయి జారిపోవును.

టైమరును నడుపుట ఒక వరుస ప్రోగ్రాముతో తీరిపోవు పనియనుట మరియొక అపోహ. విద్యార్థుల బల్లలపై విరివిగా కనబడు ఎస్‌టీఎం32ఎఫ్407 చిప్పునే తీసికొందము. ప్రాసెసరు 168 మెగాహెర్ట్జ్‌పై నడచునపుడు ఏపీబీ1 అను బస్సును సాధారణముగా 42 మెగాహెర్ట్జ్‌కు దించుదురు. ఐతే బస్సును భాగించినపుడెల్ల దానిపైనున్న టైమరునకు రెట్టింపు, అనగా 84 మెగాహెర్ట్జ్, అందునట్లు చిప్పును నిర్మించినారు. ఈ సంగతి నెరుగనివాని కొలతలన్నియు సరిగా రెండింతలు తప్పును. ఆ తప్పు అంత నున్నగా నుండుటచేతనే ఎవరికిని అనుమానము కలుగదు. ఒక మైక్రోసెకనుకొక అంకె కావలెనన్న క్లాకును భాగించు ప్రీస్కేలరులో 83 వ్రాయవలెను గాని 84 వ్రాయరాదు, ఏలయన యంత్రము ఆ అంకెకు ఒకటి చేర్చుకొని భాగించును. వ్రాసిన విలువయైనను వెంటనే అమలునకు రాదు. తరువాతి అప్‌డేట్ ఘటనవరకు, అనగా కౌంటరు నిండి మరల మొదలగువరకు, పాత విలువయే ఏలుచుండును గనుక, డ్రైవరు తానే ఆ ఘటనను కల్పింపనిచో మొదటి కొలత చెడును. వీటన్నిటికంటె ముందు టైమరునకు క్లాకునే విడుదల చేయవలెను, లేనిచో రిజిస్టర్లలో వ్రాసినదంతయు గాలిలో కలియును.

కౌంటరు నిండి మరల సున్నకు వచ్చినచో కొలత పాడగునని భయపడువారు గలరు. మైక్రోసెకన్ల లెక్కన నడచు 16 బిట్ల కౌంటరు 65 మిల్లీసెకన్లకే నిండును. అదే ప్రాసెసరులోని 32 బిట్ల సైకిల్ కౌంటరు 168 మెగాహెర్ట్జ్‌పై పాతిక సెకన్లు దాటిన పిమ్మట నిండును. నిజమునకు గుర్తులేని పూర్ణసంఖ్యలతో తుది విలువనుండి మొదటి విలువను తీసివేసినచో, నడుమ ఒకమారు సున్న దాటినను జవాబు సరిగానే వచ్చును. ఐతే గడచిన కాలము కౌంటరు పూర్తి చుట్టుకంటె తక్కువగా నుండవలెను, కౌంటరు తన బిట్ల నిండుదాక లెక్కించునదై యుండవలెను. 999 దగ్గరనే మరలునట్లు అమర్చినదానికి ఈ సూత్రము చెల్లదు. దీర్ఘకాలమును కొలువదలచి, నిండినపుడెల్ల ఇంటరప్టుచేత, అనగా ప్రాసెసరు పనిని నడుమ ఆపించు పిలుపుచేత, వేరొక అంకెను పెంచువాడు ఇంకొక చిక్కులో పడును. పైఅంకెను చదివి క్రిందిఅంకెను చదువుటకు లోపల కౌంటరు నిండెనా, కాలము 65 మిల్లీసెకన్లు వెనుకకు నడచినట్లు తోచును. పైది, క్రిందిది, మరల పైది చదివి, రెండు పైఅంకెలు కలియనిచో తిరిగి మొదలిడుట దీనికి మందు. ఇంటరప్టులను ఆపి చదువువాడు నిండినదని తెలుపు బిట్టును గూడ చూడవలెను. ఇవి పసివాండ్ర చిక్కులని తీసిపారవేయరాదు. బోయింగ్ 787 విమానముల జనరేటర్ నియంత్రణ యూనిట్లు 248 దినములు ఎడతెగక విద్యుత్తుపై నుండినచో అన్నియు ఒకేసారి ఆగిపోగలవని 2015లో అమెరికా విమానయాన శాఖ ఆదేశము జారీచేసెను. సెకనులో నూరవవంతులను లెక్కించు 32 బిట్ల ధనఋణసంఖ్య నిండుటకు పట్టు కాలము సరిగా అంతే.

సూక్ష్మముగా కొలుచునది నిక్కముగా కొలుచుననుటయు భ్రమయే. చేతిగడియారపు క్రిస్టల్, 32,768 హెర్ట్జ్‌ది, 25 డిగ్రీలవద్ద సరిగా నడచి, అటునిటు పోయినకొలది ఆ తేడా వర్గమును బట్టి మందగించును. వేసవిలో గనిలోని ఇనుపపెట్టె 60 డిగ్రీలకు కాగెననుకొన్నచో, అది దినమునకు మూడున్నర సెకన్లకు పైగా వెనుకబడును. ఐనను ఇచ్చటనొక విశేషమున్నది: ప్రోగ్రాము ఎన్ని సైకిళ్లు తీసికొన్నదో లెక్కించువానికి ఈ చింత లేదు, ప్రాసెసరును కౌంటరును ఒకే క్లాకు నడపుచున్నది గనుక రెండును కలిసియే మందగించును.

కొలుచుటకు ఖర్చు లేదనుకొనుట అన్నిటికంటె మొండి అపోహ. కొలత నడుమ ఫలితమును సీరియల్ లైనుపై అచ్చువేయువారిని చూచినచో నాకు జాలి కలుగును: 115,200 బాడ్ వద్ద ఒక్క అక్షరమునకే 87 మైక్రోసెకన్లు పట్టును, ఇరువది అక్షరముల వాక్యము మిల్లీసెకనున్నర దాటును. కొలువవలసిన పనికంటె దాని కబురే పెద్దదగును. ఏమియు చేయని ఖాళీ భాగమును ముందు కొలిచి ఆ అంకెను తీసివేయుట మర్యాద, మిర్చి యార్డులో గోనెసంచి బరువును తీసివేసినట్లు. కాని గోనె బరువు స్థిరము, ఈ అంకె ఫ్లాష్ మెమరీకై వేచియుండుటను, క్యాష్ స్థితిని బట్టి మారుచుండును. కంపైలరు మరియొక మోసకారి. ఫలితమును ఎవ్వరును వాడనిచో ఆ లెక్కనే తొలగించి, పని సున్న సైకిళ్లలో ముగిసినదని మనచే సంతోషింపజేయును.

ఇక సరాసరి. వేయిమారులు నడిపి సరాసరి ప్రకటించుట వేగమును పొగడుటకు చాలును. గడువునకు సాక్ష్యము కాజాలదు. చూచినవానిలో దీర్ఘతమమైనది సైతము పరమావధి యనిపించుకొనదు, ఎందుకనగా చెడ్డ క్షణము పరీక్షాశాలలో మనకొరకు ప్రత్యేకముగా వచ్చి నిలువదు. కార్టెక్స్ ఎం4 ఇంటరప్టును 12 సైకిళ్లలో అందుకొనునని పత్రములలో నుండుట నిజమే. ఐతే అది మెమరీ ప్రాసెసరును వేచియుండజేయనపుడు, ఇంటరప్టులను ఎవ్వరును ఆపియుంచనపుడు మాత్రమే. చెడ్డ క్షణమునకొక ఉదాహరణ: 1997లో అంగారకునిపై దిగిన పాత్‌ఫైండరు నౌక మాటిమాటికి తనంతట తాను రీసెట్ అగుచుండెను. తక్కువ ప్రాధాన్యముగల వాతావరణ పరిశీలన టాస్కు ఒక తాళమును పట్టుకొని యుండగా, నడిమి ప్రాధాన్యముగల టాస్కులు దానిని ముందుకు సాగనీయక, ఆ తాళమునకై వేచిన అధిక ప్రాధాన్యముగల బస్ టాస్కు గడువు దాటుచుండెను. దానిని గమనించిన వ్యవస్థ తన్ను తానే మొదటికి తెచ్చుకొనుచుండెను. ఆ రీసెట్లను ప్రయోగమునకు ముందే భూమిపై ఒకటి రెండుమారులు చూచియుండిరి, కారణము చిక్కలేదు. పిదప, ఇచ్చటనున్న నకలుయంత్రముపై ప్రతి టాస్కు ఎప్పుడెప్పుడు నడచినదో టైమరు ముద్రలతో నమోదు చేసి చూడగా దోషము పట్టుబడెను, ప్రాధాన్య వారసత్వమును, అనగా తాళము పట్టినదానికి దానికై వేచినదాని ప్రాధాన్యమునిచ్చు పద్ధతిని, అమలుచేయు అమరికను భూమినుండి మార్చి పంపిరి.