సముద్ర తీరాన ఇద్దరి నడక

పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు ముగిసి ఎవరి గూటికి వారు చేరుకున్న తరువాత ఇంట్లో మిగిలేది ఇద్దరే. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట జీవించిన ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమి మిగిలి ఉన్నదో అప్పుడే తెలిసివస్తుంది. మా ఇంట్లో మిగిలినది చాలా తక్కువ. బియ్యం నిండుకున్నాయా, కరెంటు బిల్లు కట్టారా, రేపు మదర్సాకు ఎన్ని గంటలకు వెళ్ళాలి? మా సంభాషణ ఈ మూడు ప్రశ్నలకు కుదించుకుపోయింది. జగడమేమీ లేదు. జగడానికి కావలసిన మాటలు కూడా లేవు.

నిరుడు మే నెల ఆరంభంలో సెలవు పెట్టి, ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళాము. మూడు వారాలు గడిచాక ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర అతడు, "అబ్బాజాన్, మీరూ అమ్మీ కలిసి ఒక వారం సముద్రపు ఒడ్డున నడిచి రాకూడదా?" అన్నాడు. మా ఇద్దరికీ చక్కెర వ్యాధి ఉన్నది. నడవమని డాక్టరు చెప్పి రెండేళ్ళయినది. నేను వెంటనే ఒప్పుకున్నాను. నా సహచరి మాత్రం, "ఇద్దరమేనా?" అని అడిగింది. ఆ ప్రశ్నలోని సందేహం నాకు తరువాత గాని అర్థం కాలేదు.

ఆ తోవను సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అంటారు. సోమర్‌సెట్‌లోని మైన్‌హెడ్ అనే చిన్న పట్టణం వద్ద మొదలై, డెవాన్, కార్న్‌వాల్ తీరాలను చుట్టి, డోర్సెట్‌లోని పూల్ రేవు దగ్గర ముగుస్తుంది. మొత్తం పొడవు 630 మైళ్ళు, అంటే సుమారు 1,014 కిలోమీటర్లు. పూర్వం పన్నులు ఎగవేసి సముద్రం మీదుగా దొంగచాటుగా సరుకు దించేవారిని పట్టుకోవడానికి తీర రక్షక సిబ్బంది కాలినడకన పహరా కాసేవారు. ప్రతి చిన్న అఖాతంలోకీ తొంగి చూడవలసి వచ్చేది కనుక వారి బాట కొండ అంచును విడిచిపెట్టలేదు. నేటి తోవలో చాలా భాగం ఆ కాపలాదారుల అడుగుజాడే. అందువలన అది చదునుగా సాగదు. ప్రతి వాగు దగ్గరా సముద్ర మట్టానికి దిగి, మళ్ళీ కొండ మీదికి ఎక్కుతుంది. మొత్తం ఎక్కుళ్ళన్నీ కలిపితే దాదాపు 35,000 మీటర్లు, ఎవరెస్టు శిఖరం ఎత్తుకు ఇంచుమించు నాలుగు రెట్లు.

మేము నడవదలచుకున్నది తొలి 35 మైళ్ళు మాత్రమే. మైన్‌హెడ్ నుండి పోర్లాక్ వియర్, అక్కడి నుండి లిన్‌మత్, ఆపైన కూమ్ మార్టిన్. మూడు రోజుల్లో ముగిస్తామని మదర్సాలోని తోటి ఉపాధ్యాయులకు ఫోనులో చెప్పాను కూడా. చెప్పకుండా ఉంటే బాగుండేది.

మొదటి రోజు

మైన్‌హెడ్ సముద్రపు ఒడ్డున రెండు పెద్ద లోహపు చేతులు ఒక పటాన్ని విప్పి పట్టుకున్నట్లు ఒక శిల్పం ఉన్నది. తోవ అక్కడే మొదలు. అబ్బాయి మమ్మల్ని అక్కడ దించి వెళ్ళాడు. కోడలు కట్టి ఇచ్చిన రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఖర్జూరాలు, నాలుగు సీసాల నీళ్ళు మా సంచుల్లో ఉన్నాయి. బరువైన సంచి నేను తీసుకున్నాను. ఓక్ కాయ గుర్తు చెక్కిన కొయ్య కంబాలను చూసుకుంటూ, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకొని నడవాలి. తోవ తప్పే భయం దాదాపు లేదు.

పట్టణం దాటగానే చెట్ల నడుమ నిట్రమైన ఎక్కుడు. పైకి చేరాక ఎక్స్‌మూర్ బీడు భూములు. ఎటు చూసినా గోర్స్ అనే ముళ్ళపొదలు పచ్చని పూలతో విరగబూసి ఉన్నాయి. ఆ పూలకు అచ్చం కొబ్బరి వాసన ఉంటుంది. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి కనుక నా సహచరి ఆగి, వాసన చూసి, "మా ఊరు ఇక్కడికి ఎలా వచ్చిందండీ?" అన్నది. నేను అప్పటికే యాభై అడుగులు ముందున్నాను. ఆ మాట విన్నాను గాని వెనక్కి రాలేదు.

అలా గంటన్నర గడిచింది. నేను చకచకా నడిచి, ఒక బల్ల దగ్గరో గేటు దగ్గరో కూర్చొని ఆమె కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆమె ఆయాసపడుతూ చేరుకోగానే, "సరే, పదండి" అని లేచేవాణ్ణి. నా దృష్టిలో నేను ఓర్పుగల భర్తను. నాలుగోసారి అలా లేచినప్పుడు ఆమె కదలలేదు.

"మీరు కూర్చొని అలసట తీర్చుకుంటున్నారు. నేను వచ్చేసరికి లేస్తున్నారు. పొద్దుటి నుండి నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. మీరిట్లా ముందు వెళ్ళిపోతుంటే నేను ఎవరితో వచ్చినట్లండీ?" అన్నది.

నేను మాట్లాడలేకపోయాను. నాకు గుర్తుకు వచ్చినది ఒక హదీసు. హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (ర) తన జాతి ప్రజలకు ఇమామ్‌గా తనను నియమించమని కోరినప్పుడు, దైవప్రవక్త (స) ఆయనను నియమిస్తూ, జమాతులో అందరికంటే బలహీనుడైన వానిని దృష్టిలో ఉంచుకొమ్మని బోధించారు. ముప్పై ఏళ్ళుగా ఈ పాఠాన్ని విద్యార్థులకు చెబుతున్నాను. రుకూ ఎంతసేపు, సజ్దా ఎంతసేపు, వెనుక వరుసలోని ముదుసలి లేచేవరకు ఇమామ్ ఎలా ఆగాలి, అన్నీ వివరిస్తాను. జమాతు అంటే మస్జిదులోని వరుసలేననుకున్నాను. ఆ కొండ మీద ఇద్దరమే ఉన్న జమాతు నా కంటికి ఆనలేదు.

అప్పటి నుండి ఆమెను ముందు నడవమన్నాను. బాట సన్నగా ఉంటుంది. ముందున్నవారి అడుగే వెనుకవారికి కొలత.

సాయంత్రం హర్ల్‌స్టోన్ దగ్గర కొండ దిగవలసి వచ్చింది. ఎక్కేటప్పుడు ఏమీ అనని నా కుడి మోకాలు దిగేటప్పుడు ఎదురుతిరిగింది. చెప్పడానికి మనసొప్పలేదు. పొద్దుటి మాట ఇంకా నా చెవుల్లో ఉన్నది మరి. కింద పోర్లాక్ చిత్తడినేల కనిపించింది. 1996 అక్టోబరులో వచ్చిన తుఫానుకు అక్కడి గులకరాళ్ళ గట్టు తెగి, సముద్రం లోపలికి చొచ్చుకువచ్చింది. పచ్చిక బయలు ఉప్పునేలగా మారింది. ఎండిపోయిన చెట్ల మోళ్ళు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ చెట్ల పక్కగా నేను పళ్ళ బిగువున నడిచి పోర్లాక్ వియర్ చేరుకున్నాను.

అక్కడ మే నెలాఖరున సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాక గాని అస్తమించడు. ప్రయాణికులం కనుక ఖస్ర్ చేసుకొని నమాజు చదివాము. మన దేశంలో పడమటికి తిరిగి నిలబడే మేము అక్కడ ఆగ్నేయానికి తిరిగాము. సజ్దా నుండి లేచేటప్పుడు నేను నేలకు చేయి ఆనించడం ఆమె చూసింది. ఏమీ అనలేదు.

రెండవ రోజు

పోర్లాక్ వియర్ నుండి లిన్‌మత్ సుమారు 12 మైళ్ళు. తోవ చాలా దూరం సముద్రపు అంచున పెరిగిన దట్టమైన ఓక్ అడవిలో సాగుతుంది. తొలి కంప్యూటర్ ప్రోగ్రాము రాసిన వ్యక్తిగా చాలామంది గౌరవించే ఏడా లవ్‌లేస్ వేసవి నివాసం ఒకప్పుడు ఈ అడవిలోనే ఉండేది. నేడు ఆ భవనం లేదు. దాని కింద తవ్విన సొరంగాల గుండా మాత్రం బాటసారులు నడుస్తారు. ఆపైన కల్బోన్ అనే చోట, కార్లు చేరుకోలేని లోయలో, పిడికెడంత చర్చి ఒకటి ఉన్నది. ఇంగ్లాండులో నేటికీ ప్రార్థనలు జరిగే అతి చిన్న చర్చిల్లో అదొకటి. ముప్పై మంది కూర్చుంటే నిండిపోతుంది.

అక్కడి వాగు దగ్గర నేను పక్కకు తిరిగి ఒక్కొక్క అడుగే వేస్తూ దిగుతుండగా ఆమె ఆగి వెనక్కి చూసింది.

"మీ మదర్సాలో ఒక పిల్లవాడు కాలి నొప్పి దాచుకొని తిరుగుతుంటే మీరేమంటారు?"

"కోప్పడతాను."

"అయితే కూర్చోండి."

మోకాలికి గుడ్డ కట్టింది. నా సంచిలోని రెండు నీళ్ళ సీసాలు తీసి తన సంచిలో పెట్టుకున్నది. వద్దన్నాను. వినలేదు. ఎదురుగా వస్తున్న ఒక ముదుసలి జంట మాకు దారి ఇచ్చి, పలకరించి వెళ్ళారు. వారి సంచి కూడా ఆవిడ వీపు మీదే ఉండటం చూసి నాకు కొంత ఊరట కలిగింది.

ఆ తరువాతి నడకలో, ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, ఆమె ఒక సంగతి చెప్పింది. ఇరవై రెండేళ్ళ కిందట మా రెండవ అబ్బాయికి జ్వరం ముదిరిన రాత్రి నేను మదర్సా వార్షిక సభల్లో ఉన్నాను. ఆమె బిడ్డను భుజాన వేసుకొని, ఆటో దొరకక, రెండు మైళ్ళు ఒంటరిగా ఆసుపత్రికి నడిచింది. బిడ్డ కోలుకున్నాడు, అల్హమ్దులిల్లాహ్. జ్వరం వచ్చిందని నాకు తెలుసు. ఆ నడక సంగతి తెలియదు. నేను అడగలేదు. "మీరు తిరిగి వచ్చి సభలు ఎంత బాగా జరిగాయో చెప్పారు. మీ సంతోషం పాడుచేయడమెందుకని ఊరుకున్నాను" అన్నది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎదురెదురుగా కూర్చొని ఉంటే ఆ మాట ఆమె నోట వచ్చేదని నేను అనుకోను. ఒకరి వెనుక ఒకరు నడిచే ఆ సన్నని బాట మీద వచ్చింది. చాలాదూరం నేను ఆమె అడుగుల చప్పుడు మాత్రమే వింటూ నడిచాను.

మేము నడిచిన ఆ దూరానికి ఒక చరిత్ర ఉన్నది. 1899 జనవరి 12న ఫారెస్ట్ హాల్ అనే ఓడ పోర్లాక్ సమీపంలో తుఫానులో చిక్కుకున్నదని లిన్‌మత్‌కు తంతి అందింది. అలల ఉధృతికి రక్షక పడవను అక్కడ నీటిలోకి దించడం సాధ్యం కాలేదు. ఊరివారు గుర్రాలను కట్టి, తాళ్ళు పట్టి, లూయిసా అనే ఆ పడవను రాత్రంతా కౌంటిస్‌బరీ కొండ మీదుగా పోర్లాక్ వియర్‌కు లాక్కుపోయారు. దూరం సుమారు 13 మైళ్ళు. దారి ఇరుకైన చోట గోడలు పడగొట్టారు. కొండ ఎక్కించాక చాలామంది వెనుదిరిగారు. మిగిలిన కొద్దిమంది తాళ్ళతో వెనక్కి లాగి పట్టుకుంటూ దానిని అవతలి వాలు దించవలసి వచ్చింది. తెల్లవారుజామున పడవ నీటిలోకి దిగింది. ఓడలోని వారందరూ ప్రాణాలతో బయటపడ్డారు. లిన్‌మత్‌లో ఈ వృత్తాంతం వింటూ, దిగుడే కష్టమన్న సంగతి నా మోకాలు ఒక్కదానికే కాదు, వారికీ తెలుసునని అనుకున్నాను.

మూడవ రోజు, ఆ తరువాత

లెక్క ప్రకారం మూడవ రోజు 13 మైళ్ళు నడిచి కూమ్ మార్టిన్ చేరాలి. మధ్యలో గ్రేట్ హ్యాంగ్‌మన్ కొండ. దాని ఎత్తు 318 మీటర్లు, మొత్తం 630 మైళ్ళ తోవలో అదే అత్యున్నత స్థలం. తోటి ఉపాధ్యాయులకు ఇచ్చిన మాట నన్ను పొడుస్తున్నది. ఫజ్ర్ తరువాత ఆమెను అడిగాను, "ఏం చేద్దాం?" అని. ఇన్నేళ్ళలో నిర్ణయం చెప్పి ఒప్పించడమే గాని, నిర్ణయానికి ముందు అడగడం నాకు అలవాటు లేదు. "ఈ రోజు ఆగుదాం. మిగిలిన దూరం రెండు రోజులు చేసుకుందాం" అన్నది. అబ్బాయికి ఫోను చేసి, రెండు రోజులు ఆలస్యంగా రమ్మన్నాము.

ఆ విశ్రాంతి రోజున లిన్‌మత్ నుండి కొండ మీది లింటన్‌కు నీటి బలంతో నడిచే రైలెక్కాము. 1890లో ప్రారంభమైన ఆ రైలుకు ఇంజను లేదు. ఒకే తీగకు కట్టిన రెండు పెట్టెలు, ఒక్కొక్కదాని కింద ఒక నీటి తొట్టె. పై పెట్టె తొట్టెను నదీజలంతో నింపుతారు. కింది పెట్టె నీళ్ళు వదిలేస్తుంది. బరువెక్కిన పెట్టె దిగుతూ తేలికైన దానిని పైకి లాగుతుంది. నా సహచరి తొట్టెను తేరిపార చూసి, "నిన్న మీ నీళ్ళు నేను మోస్తే నామోషీ పడ్డారు కదా" అని నవ్వింది.

అదే ఊరిలో 1952 ఆగస్టు 15 రాత్రి వరద వచ్చి 34 మంది మరణించారు. ఆ నది ఒడ్డునే, మగ్రిబ్‌కు ముందు, ఇరవై రెండేళ్ళ కిందటి రాత్రికి నేను ఆమెను క్షమాపణ అడిగాను. "ఎప్పుడో మాఫ్ చేశాను. మీకు తెలియాలని మాత్రం ఉండేది" అన్నది.

తరువాతి రెండు రోజులూ నెమ్మదిగా నడిచాము. లింటన్ అవతలి రాళ్ళ లోయలో అడవి మేకలు కొండచరియల మీద నిశ్చింతగా మేస్తున్నాయి. హెడ్డన్ లోయలో ఒక రాత్రి ఆగాము. ఆ మరునాడు గ్రేట్ హ్యాంగ్‌మన్ మీద, బాటసారులు పేర్చిన రాళ్ళ కుప్ప పక్కన ఖర్జూరాలు తిన్నాము. సముద్రానికి అవతల వేల్స్ తీరం లీలగా కనిపించింది. కొండ దిగడానికి నాకు పట్టిన సమయం చెప్పను. ఆమె ప్రతి మలుపు దగ్గరా ఆగింది. నేను చేరుకున్నాక, నేను కూర్చొని లేచేవరకు కదలలేదు.

మూడు రోజుల నడకకు మాకు ఐదు రోజులు పట్టింది. మిగిలిన 595 మైళ్ళు నడుస్తామో లేదో అల్లాహ్‌కే తెలుసు.

ఇంటికి తిరిగి వచ్చాక అస్ర్ తరువాత ఊరి చెరువు కట్ట మీద ఇద్దరం నడుస్తున్నాము. ఆమె ముందు, నేను వెనుక. మా మస్జిదులో వెనుక వరుసలో ఒక పెద్దాయన ఉన్నాడు. సజ్దా నుండి లేవడానికి ఆయనకు చాలాసేపు పడుతుంది. ఎన్నేళ్ళుగా అలా ఆలస్యంగా లేస్తున్నాడో నాకు తెలియదు. ఇప్పుడు ఆయన మోకాళ్ళ చప్పుడు వినిపించేవరకు నేను తక్బీర్ తరువాత ఆగుతున్నాను.