మెజాయ్ వీరుని ఆహార్యము

భరతముని అభినయమును నాలుగు విధములుగా విభజించి, వేషభూషలకు ఆహార్యమని పేరు పెట్టి, దానిని కూడ అభినయముగనే లెక్కించినాడు. పాత్ర నోరు తెరవకముందే దాని కట్టు, దాని ఆయుధము, దాని తలపాగా ప్రేక్షకునితో మాటలాడును. నాటకశాలకు తోడు చలనచిత్రములు, వానికి తోడు నేడు వీడియో ఆటలు వచ్చినను ఈ సంగతి మారలేదు. ఒక్క భేదము మాత్రము కలదు. రంగస్థలముపై నటుడు ముఖము చూపును. ఇట్టి ఆటలలో పెక్కింట నాయకుని వీపే ఎక్కువసేపు కనిపించును. ఆడువాడు వాని వెనుకనే నడచుచు, వాని భుజముమీదుగా లోకమును చూచును. పదుల గంటలపాటు చూచిన ఆ వీపు, దానిపై వ్రేలాడు డాలు, అమ్ములపొది, ఉత్తరీయపు అంచు అతని మనస్సులో ముద్రపడిపోవును.

కెనడా దేశములోని మాంట్రియాల్ నగరమున యూబీసాఫ్ట్ సంస్థవారు నిర్మించి 2017 అక్టోబరు 27వ తేదీన విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్’ అను ఆటకు నాయకుడు బాయెక్. ఇతడు కల్పిత పాత్ర. ఈజిప్టు పడమటి ఎడారిలోని సీవా ఒయాసిస్సు ఇతని ఊరు. అలెగ్జాండరు క్రీ. పూ. 331లో అమున్ దేవుని వాక్కు వినుటకై వెళ్లినది ఆ సీవాకే. బాయెక్ కుమారుడు హతుడైనాడు. ఆ హంతకులను వెదకుచు తండ్రి దేశమంతయు తిరుగుట కథ. కథాకాలము క్రీ. పూ. 49వ సంవత్సరము మొదలు. అనగా కియోపాత్రా తన తమ్మునితో సింహాసనమునకై పోరాడుచున్న దినములు.

ఆ కాలము ఎటువంటిదో గుర్తుంచుకొననిదే ఈ వేషమును తూచుట సాధ్యము కాదు. ఈజిప్టు అనగానే పిరమిడ్లు తలపునకు వచ్చును గాని, బాయెక్ నాటికే గీజాలోని పెద్ద పిరమిడ్డు సుమారు 2500 ఏండ్ల పాతది. ఏలువారు గ్రీకు సంతతివారైన టాలమీలు. అలెగ్జాండ్రియా వీథులలో గ్రీకు చుట్టువస్త్రములు, పల్లెలలో నార మొలవస్త్రములు, సైనిక శిబిరములలో రోమను కవచములు కానవచ్చెడివి. క్రీ. పూ. 55లో గాబినియస్ అను రోమను సేనాని టాలమీ రాజును తిరిగి గద్దె నెక్కించి, కొందరు సైనికులను అచ్చటనే విడిచిపోయినాడు. ఇన్ని కట్టుల నడుమ తన నాయకునికి ఏ కట్టు కట్టవలెను? చిత్రకారునికి ఎదురైన మొదటి ప్రశ్న ఇదే.

వారు బాయెక్‌ను మెజాయ్‌గా నిలిపినారు. ఈ పదమునకు దీర్ఘచరిత్ర కలదు. ఈజిప్టు ఆరవ రాజవంశపు శాసనములలో మెజాయ్ అనగా నూబియా ప్రాంతపు ఎడారి జాతి. వారు మంచి విలుకాండ్రు. ఫారోల సేనలలో కూలికి పోరాడినారు. నూతన రాజ్యపు కాలమునకు ఆ పేరు జాతిని విడిచి ఉద్యోగమును పట్టుకొన్నది. థీబ్సు నగరపు రాజసమాధులను కాపలా కాయు రక్షకభటులకు మెజాయ్ అని పేరు స్థిరపడినది. ఇరువదవ రాజవంశముతో, అనగా క్రీ. పూ. 11వ శతాబ్దితో, ఈ పేరు లేఖనములనుండి కనుమరుగైనది. బాయెక్‌కును ఆ భటులకును నడుమ వేయి సంవత్సరముల ఖాళీ యున్నది. ఆట రచయితలు ఈ చిక్కు నెరుగుదురు. అందుకే అతనిని చివరి మెజాయ్ అన్నారు. ‘చివరి’ అను మాట కథకు కరుణరసము నిచ్చినది, చరిత్రకు సమాధానము మాత్రము ఈయలేదు.

ఇక బట్ట. ఈ విషయమున చిత్రకారులు మెచ్చదగిన పని చేసినారు. బాయెక్ ఒంటిపై ప్రధానముగా కనిపించునది తెల్లని, ముతకని, ముడతలు పడిన నార బట్ట. ఈజిప్టు అవిసె నారకు పుట్టినిల్లు వంటిది. తర్ఖాన్ అనుచోట ఫ్లిండర్స్ పెట్రీ 1913లో త్రవ్వి తీసిన గుడ్డల మూటలో ఒక చొక్కా దాగియుండి, 1977లో గాని బయటపడలేదు. దానిని పరీక్షింపగా అది క్రీ. పూ. 3482కును 3102కును నడుమ నేయబడినదని 2016లో ప్రకటించినారు. ముంజేతుల వరకు కుచ్చిళ్లతో కుట్టిన ఆ చొక్కా నేడు లండనులో కలదు. అవిసె నార రంగును సులభముగా పట్టదు. ఈజిప్టు చిత్రములలో తెలుపు అంతగా పరచుకొని యుండుటకు అదియొక కారణము. ఈజిప్టువారు అంచునకు కుచ్చులు గల నార అంగీలు తొడిగి, పైన తెల్లని ఉన్ని వస్త్రములు కప్పుకొందురనియు, ఉన్నిని మాత్రము ఆలయములలోనికి తీసికొనిపోరనియు క్రీ. పూ. 5వ శతాబ్దివాడైన హెరడోటస్ వ్రాసినాడు. తెలుగువారికి ఈ నారను కన్నులార చూచు అవకాశము దగ్గరలోనే యున్నది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు యువతి మమ్మీ కలదు. అది క్రీ. పూ. 300కును 100కును నడుమ కాలమునాటిదని చెప్పుదురు. అదియే నిజమైనచో ఆ దేహమును చుట్టిన నార టాలమీల నాటి మగ్గములపై నేసినదే యగును.

బాయెక్ తలపైనున్న ముసుగు వేరు సంగతి. డేగ ముక్కువలె నుదుటిమీదికి వాలు ఆ ముసుగు ఈజిప్టునుండి వచ్చినది కాదు. 2007లో వెలువడిన మొదటి ఆటనుండి ఈ ఆటల పరంపరకే అది ఇంటిపేరు వంటిది. ఈజిప్టు శిల్పములలో పురుషుల తలలపై సాధారణముగా కనిపించునవి నున్నని గుండు, పెట్టుడు జుట్టు, లేక నార తలగుడ్డ. చిత్రకారులు ఆ పరంపర ముసుగును కూడ ఎడారివాడు ఎండకు కప్పుకొను ఉత్తరీయముగా మలచి, సాధ్యమైనంతవరకు దేశీయమనిపించినారు. ముసుగును తీయుటకును, జుట్టును గడ్డమును ఉంచుటకో తీసివేయుటకో ఆడువానికి స్వేచ్ఛ నిచ్చినారు. గుండుతో తిరుగు బాయెక్‌ను చూచినప్పుడే అతడు ఈజిప్టువాడని కంటికి నమ్మకము కలుగునని చెప్పవలెను.

ఆయుధముల కడ చరిత్ర కొంత చిన్నబోయినది. ఈ ఆటలో మనస్సు దోచు ఆయుధము ఖొపెష్. కొడవలివలె వంగిన కత్తి యిది. కాని కొడవలికి లోపలివైపు పదును, దీనికి వెలుపలివైపు. ఖొపెష్ అనగా ఈజిప్టు భాషలో పశువు ముందుకాలు. వంపును చూచి పెట్టిన పేరు. ఈ కత్తి పశ్చిమాసియానుండి వచ్చి నూతన రాజ్యపు ఫారోల చేతిలో విజయచిహ్నమైనది. 1922లో హోవార్డు కార్టర్ కనుగొన్న టూటంకామున్ సమాధిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి దొరికినవి. అవి కంచువి. బాయెక్ నాటికి ఇనుప కత్తులు సర్వసాధారణము; ఖొపెష్ యుద్ధభూమిని విడిచి వేయి యేండ్లు గడచినవి. ఆనాటి సైనికుడు దానిని గుడిగోడల బొమ్మలలోనే చూచియుండును.

డాలు, విల్లు కొంత మెరుగు. ఆసియూత్ పాలకుడైన మెసెహ్తి సమాధిలో సుమారు క్రీ. పూ. 2000 నాటి కొయ్యబొమ్మల దళములు రెండు దొరికినవి. నలుబదిమంది ఈజిప్టు ఈటెగాండ్రు ఒక పలకపై, నలుబదిమంది నూబియా విలుకాండ్రు ఇంకొక పలకపై. ఈటెగాండ్ర డాళ్లపై ఆవుతోలు మచ్చలు ఒకదానివలె ఒకటి లేకుండ చిత్రించినారు. నల్లని దేహములతో, రంగుల మొలగుడ్డలతో, ఒక చేత విల్లు ఒక చేత అమ్ములు పట్టి నడచుచున్న ఆ నూబియావారే అసలు మెజాయ్‌లకు దగ్గరి పోలిక. వారి ఒంటిమీద కవచము లేదు, వీపుమీద సామగ్రి లేదు. ఆ వేడిలో ఈజిప్టు సైనికుడు చిరకాలము తన డాలునే కవచముగా నమ్ముకొన్నాడు. తోలు పొలుసులు కూర్చిన కవచము టూటంకామున్ వస్తువులలో ఒకటి యున్నది గాని, అట్టివి రథమెక్కువారికే తగినవి. బాయెక్‌కు రొమ్ముపలక, ముంజేతి తొడుగు, చేతి జోడు, సంచి, అమ్ములపొది అన్నియు తగిలించినారు. ఆసియూత్ విలుకాని ప్రక్కన నిలిపినచో బాయెక్ పెండ్లికి బయలుదేరిన వానివలె కనిపించును.

ఈ సామగ్రిని బలపరచుకొను విధానము మాత్రము కుతూహలము కలిగించును. జంతువులను వేటాడి చర్మములు తేవలెను. దారిన పోవు సరుకులను కొల్లగొట్టి కంచు, ఇనుము, దేవదారు సంపాదింపవలెను. దేవదారు ఇందు చేరుట గొప్ప ఊహ. ఈజిప్టులో తుమ్మ, మేడి వంటి చెట్లున్నవి గాని పొడవైన మంచి కలప లేదు. ఫారోలు దానిని లెబనానునుండి తెప్పించుకొన్నారు. స్నెఫ్రు రాజు కాలమున నలుబది ఓడల దేవదారు వచ్చినదని పాలెర్మో శిలపై చెక్కియున్నది. ఆ కలపకై వెదకు విద్యార్థికి ఈ దేశమునకు ఏది కొరతయో చేతికి తెలియును. మొసలి తోలు విషయమున ఇంత శ్రద్ధ వహింపలేదు. ఫయూమ్ సీమ సోబెక్ దేవుని నెలవు. మొసలి అచ్చట పూజ్యము. కొన్ని ప్రాంతములవారు మొసలిని పూజింతురనియు, ఎలిఫాంటీన్ వారు తినుదురనియు హెరడోటస్ వేరుపరచి చెప్పినాడు. ఈజిప్టు దేవతలపై అంత భక్తి గల బాయెక్ సోబెక్ గుడి దరినే మొసలిని చంపి ముంజేతి తొడుగునకు తోలు ఒలిచికొనుచున్నను, ఆ ఊరివాడెవడును అతనిని నిలువరింపడు.

ఆహార్యమంతటిలోను ఉత్తమ కల్పన కంటికి కనబడనిది. ముంజేతి తొడుగు క్రింద దాగిన చిన్న కత్తి అది. భార్య ఆయా దానిని బాయెక్‌కు ఇచ్చును. అలెగ్జాండ్రియా స్నానశాలలో శత్రువుతో పెనుగులాడునప్పుడు ఆ కత్తి అతని ఉంగరపు వ్రేలిని తెగగొట్టును. పరంపరలోని మొదటి ఆటలో నాయకునికి ఆ వ్రేలు లేకపోవుట ఆడినవారు ఎరుగుదురు. అది మొదలైన చోటు ఇదియని వారికి ఇప్పుడు తెలియును. తక్కిన సామగ్రి ధనమిచ్చి కొన్నది, దోచినది. దీనికి మాత్రము నాయకుడు తన దేహమునుండి వెల చెల్లించినాడు. చరిత్రలో ఇట్టి కత్తి లేదు. ఐనను పాత్ర పోషణలో ఖొపెష్ చేయని పని యిది చేసినది.

మరి వేయి యేండ్ల నాటి కట్టును, కత్తిని ఈ మనిషికి తగిలించుట కేవలము పొరపాటేనా? ఇచ్చట టాలమీలనే సాక్షులుగా పిలువవచ్చును. వారి నాణెములు చూచినచో శిరస్సున గ్రీకు పట్టిక, ముఖమున గ్రీకు పోలిక. కియోపాత్రా నాణెములపై ఆమె జుట్టు కూడ గ్రీకు ముడియే. అదే టాలమీలు క్రీ. పూ. 237లో మొదలై 57లో ముగిసిన ఎడ్ఫూ ఆలయపు గోడలపై జంట కిరీటముతో, పూర్వపు ఫారోల మొలవస్త్రముతో నిలిచి శత్రువుల జుట్టు పట్టి దండించుచున్నారు. దెందెరా ఆలయపు దక్షిణపు గోడపై కియోపాత్రా, ఆమె కుమారుడు సిజేరియన్ ప్రాచీన వేషములలోనే దేవతలకు కానుక లర్పించుచున్నారు. అలెగ్జాండ్రియా రాజభవనములో వారు అట్లు తిరిగియుండరు. పాత బట్ట కట్టి, ఈ నేలకు మేమే వారసులమని వారు చెప్పుకొన్నారు. విదేశీయుల ఏలుబడిలో నలుగుచున్న సీవా పల్లెవాడు అదే పాత వేషమును తన హక్కుగా ధరించినాడనుకొన్నచో, చిత్రకారుల కల్పనకు కొంత బలము చేకూరును. అట్లని పండితుడు దానిని తేదీగల సాక్ష్యముగా అంగీకరింపడు.

ఆటలో వెలకు దొరకు వింత దుస్తులను, స్నానశాల తువాలుతో ఎడారిలో గుఱ్ఱమెక్కు వీలును గురించి చెప్పవలసినది లేదు. అది అంగడి వ్యవహారము.

2018 ఫిబ్రవరిలో సంస్థవారు యుద్ధములు తొలగించి, ఉపాధ్యాయులను విద్యార్థులను ఉద్దేశించి, 75 విజ్ఞానయాత్రలతో ఈ ఈజిప్టునే మరల విడుదల చేసినారు. అందు నార నేత, ఆలయములు, మమ్మీల సంస్కారము మున్నగునవి వివరింపబడినవి. కాని అచ్చటి నగ్న శిల్పములకు గుల్లలు అతికించి మరుగుచేసినారు! పాఠశాల దృశ్యములో బాలురతో పాటు బాలికలను కూర్చుండబెట్టి, నాడు అట్లు జరుగలేదని ప్రక్కన ఒక మాట వ్రాసినారు. రెండవ పని న్యాయముగనే యున్నది. మార్చినదేదో చూచువానికి చెప్పినారు. గుల్లలను చూచిన బాలునికి గ్రీకు శిల్పి గుల్లలతోనే చెక్కినాడని తోచినచో తప్పెవరిది? బాయెక్ ఖొపెష్ ప్రక్కన కూడ అట్టి మాట ఒకటి లేకపోవుట విచారకరము.

మాంట్రియాల్ ప్రాంతపు పాఠశాలలలో ఈ యాత్రలను పరీక్షించి చూచినారు. యాత్ర చేసిన విద్యార్థుల తెలివి పెరిగినది. ఉపాధ్యాయుని నోట పాఠము విన్నవారిది అంతకంటె ఎక్కువగా పెరిగినది. టూటంకామున్ మరణము సుమారు క్రీ. పూ. 1323, బాయెక్ కథ క్రీ. పూ. 49. ఈ రెండంకెలను నల్లబల్లమీద ఒకదాని క్రింద ఒకటి వ్రాసి తీసివేత చేయించుటకు ఒక సుద్దముక్క చాలును.